నలగని చొక్కా

ఆ వానాకాలం మా మామయ్యకూ నాకూ మధ్య జరిగినదాన్ని మా ఆయన ఇప్పటికీ "గొడవ" అంటాడు. గొడవ కాదు, యుద్ధం. గొడవైతే సాయంత్రానికి చల్లారుతుంది. మాది నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే అంటుకుంది, అన్ని వానలు కురిసినా ఆరలేదు.

మాది లాండ్రీ. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో నిటారుగా చెక్కమెట్లు. షాపు పెట్టింది మామయ్యే. వీధిలో అందరూ ఆయన్ని గంజి తాత అంటారు. బట్టలకు గంజి పెడతాడని కాదు, మనిషే అలా ఉంటాడని. ఎప్పుడు చూసినా తెల్ల చొక్కా, మెడ దగ్గరి బొత్తాం దాకా పెట్టుకుని ఉంటాడు. నిద్ర లేచిన మొహాన్ని కన్నకొడుక్కి కూడా చూపించిన మనిషి కాదు. వయసు మీద పడ్డాక షాపు మాకు అప్పగించాడు. అప్పగించడమంటే నోటితోనే. నేను ఇస్త్రీ చేసి మడిచి పెట్టిన చొక్కాని కస్టమర్ ఎదురుగానే విప్పేవాడు, కాలర్ వెలుతురులో పెట్టి చూసేవాడు, "మా కోడలికి ఇంకా చెయ్యి తిరగలేదండీ" అని నవ్వి మళ్లీ మొదట్నించి తనే చేసేవాడు. పదేళ్లు దాటినా తిరగని చెయ్యి ఉంటుందా ఎక్కడైనా? నాకు ఒళ్లు మండిపోయేది.

వానాకాలమంటే లాండ్రీ వాళ్లకు పడదు. ఏదీ ఆరి చావదు. షాపంతా తాళ్లు కట్టి తడిబట్టలు వేలాడదీస్తాం. కింద నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. "నేల జారుతోంది, పైనే ఉండండి మామయ్యా" అని ఆ రోజు పొద్దున్నే చెప్పాను. నేను వద్దంటే చాలు, ఆయనకు అదే కావాలి. నేను చేసిన చొక్కాల కఫ్‌లు చూస్తానని దిగాడు. తడి దుప్పట్ల వెనక నుంచి దబ్బుమని చప్పుడైంది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి నేల మీద కూర్చుని, బయటికొచ్చిన చొక్కా అంచుని ప్యాంటులోకి దోపుకుంటున్నాడు.

"ఏమీ కాలేదు. అటు తిరుగు, చూడకు" అన్నాడు.

తిరిగాను. కానీ ఆయన లేవలేకపోయాడు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే మా ఆయన మొహం పాలిపోయింది. మామయ్య మాత్రం జేబు తట్టుకుని, "ఏడుపు మొహం పెట్టకురా, కార్డుంది కదా" అన్నాడు.

ఆ కార్డు గురించి చెప్పాలి. పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే హాస్పిటల్ ఇన్సూరెన్స్ కార్డు అది. వయసు నిండగానే ఆఫీసుకు పోయి తెచ్చుకున్నాడు. "ఇన్నేళ్లూ నా కష్టంలోంచి కట్టించుకున్నారు, ఇక నా రోగాలు సర్కారువే" అని కనపడిన ప్రతివాడికీ చూపించేవాడు. మేమూ అదే నమ్మాం. కార్డుంటే హాస్పిటల్లో అన్నీ వాళ్లే చూసుకుంటారు. అంతకు మించి ఒక్క ముక్క తెలుసుకుందామని మాలో ఎవరికీ తోచలేదు.

ఎక్స్‌రే తీసి, తుంటి దగ్గర ఎముక బీటలిచ్చిందన్నారు. డాక్టరమ్మ చిన్నదే, మాట మాత్రం సూటిగా ఉంది. "ఆపరేషన్ అక్కర్లేదు. కానీ ఇక్కణ్నించి ఫిజియోథెరపీ సెంటర్‌కి వెళ్లి, అక్కడే కొన్ని వారాలు ఉండి, రోజూ నడక నేర్చుకోవాలి. ఇంటికి తీసుకెళ్లి మంచం ఎక్కించారంటే ఈ వయసులో మళ్లీ దిగరు" అంది. దానికీ కార్డుంది కదా అనుకున్నాం.

వార్డులో ఆయనకు వీపు కనపడే గౌను తొడిగారు. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి దుప్పటి గడ్డం దాకా లాక్కుని కుతకుతలాడుతున్నాడు.

"అమ్మాయ్, రేపు డాక్టరు వచ్చేలోపు నా తెల్ల చొక్కా పట్రా. దిండు గలేబు, దుప్పటి కూడా మనవే తే. ఇక్కడివి చూడు, ఎవరో నమిలి ఊసినట్టున్నాయి."

"ఇది హాస్పిటల్ మామయ్యా, పెళ్లి కాదు."

"చేతకాకపోతే చెప్పు, నా కొడుకు చేస్తాడు."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంటికొచ్చి ఆ చొక్కా మీద నా కసంతా తీర్చుకున్నాను. గంజి పెట్టి, నీళ్లు చిలకరించి, కాలర్ రెండు వైపులా, బొత్తాల మధ్య సందు సందూ రుద్దాను. పొద్దున్నే హ్యాంగర్‌కి తగిలించి, ప్లాస్టిక్ కవరు తొడిగి, నేను తడుస్తూ దాన్ని తడవకుండా తీసుకెళ్లాను. ఆయన కాలర్ కిటికీ వైపు పెట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చొక్కా చేతులు చూశాడు. వెనక భాగం చూశాడు. ఏమీ దొరకలేదు.

"ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ" కోసం నేను ఇన్నేళ్లు పడిగాపులు కాశాను. నా కడుపు నిండిపోయింది.

నర్సు గడ్డం గీసింది, నేను జుట్టు దువ్వాను, మా దుప్పటి పరిచాను. డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చేసరికి గంజి తాత దిండుకి ఆనుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"అబ్బో! వార్డులో మీరే పెళ్లికొడుకు తాతగారూ" అందామె. "నొప్పి పదిలో ఎంత?"

"సున్నా."

దుప్పటి కింద ఆయన పిడికిలి బిగిసి ఉంది. అది నాకు కనపడుతోంది, ఆమెకు కనపడటం లేదు.

"లేచి నిలబడగలరా?"

నిలబడ్డాడు. ఒక చెయ్యి వెనక్కి పెట్టి మంచం కమ్మీని పట్టుకుని, రెండు క్షణాలు నిలబడి, తానే కూర్చోవాలనుకున్నట్టు తాపీగా కూర్చున్నాడు. నేను నోరు తెరవబోతే నా వైపు ఒక చూపు చూశాడు. కస్టమర్ ముందు నోరెత్తొద్దని చూసే చూపు అది. మూసుకున్నాను.

రోజూ ఇదే తంతు. నేను చొక్కా పట్టుకెళ్లడం, ఆయన వెలుతురులో చూసి "ఊఁ" అనడం, "సున్నా" అని చెప్పడం. వారం తిరక్కుండానే కింద కౌంటర్ నుంచి పిలుపొచ్చింది. గాజు తెర వెనక కూర్చున్నావిడ నా మొహం చూడకుండానే మొదలుపెట్టింది.

"రేపు మధ్యాహ్నం డిశ్చార్జి. బండి తెచ్చుకోండి."

"సెంటర్‌కి మీ బండిలో పంపరా?"

"సెంటర్ కార్డు మీద రాదు. ఆయన అడ్మిటే కాలేదు కదా."

నాకు అర్థం కాలేదు. "అడ్మిట్ కాకపోతే పైన మంచం మీద ఉన్నదెవరండీ? మా మామయ్య దెయ్యమా?"

"మంచం మీద ఉన్నారు. అడ్మిట్ కాలేదు. అబ్జర్వేషన్‌లో పెట్టారు. అంటే ఊరికే గమనించడానికి ఉంచారు. ఇన్సూరెన్స్ లెక్కలో ఆయన బయటి పేషెంటే. మాత్ర రాయించుకుని ఇంటికి పోయేవాళ్లతో సమానం."

"మంచం మీది, మందులు మీవి, చేతికి కట్టిన పేరు పట్టీ మీది. ఇంకేం కావాలి?"

"డాక్టర్ అడ్మిట్ అని ఆర్డర్ ఇవ్వాలి. అది పడ్డాక మూడు రాత్రులు ఇక్కడ ఉండాలి. అప్పుడే సెంటర్ ఖర్చు కార్డు భరిస్తుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు."

"ఏ చిన్నపిల్లలకు? పిలవండి, వాళ్ల దగ్గరే నేర్చుకుంటాను."

"అరవకండి. మొదటి రోజే మీ మామగారికి చెప్పారు. ఆయన తలూపారు."

ఊపే ఉంటాడు. తెలియదని చెప్పడం ఆయన వల్ల కాదు.

"మరి ఎందుకు అడ్మిట్ చెయ్యలేదు?" అని అడిగాను.

ఆవిడ విసుక్కుంటూ కంప్యూటర్‌లోకి చూసింది. "నొప్పి సున్నా. స్వయంగా నిలబడుతున్నారు. శుభ్రంగా తయారై కూర్చుంటున్నారు. ఇంత బాగున్న మనిషిని ఎందుకు అడ్మిట్ చేస్తారమ్మా? వెనక వాళ్లకు దారివ్వండి."

శుభ్రంగా తయారై. వాళ్లు చూసింది మామయ్యని కాదు, నా ఇస్త్రీని.

మా ఆయన నడవాలో గోడకి ఆనుకుని ఉన్నాడు. విషయం చెప్పాను. "పోనీలే, ఇంటికే తీసుకెళ్దాం. మనమే చూసుకుందాం" అన్నాడు. ఆ మనిషి ఎప్పుడూ అంతే, పోనీలే అనడానికే పుట్టాడు.

"మనమంటే ఎవరండీ? మీరు డెలివరీలకు పోతారు. ఆ మెట్ల మీద నుంచి ఆయన్ని దింపేదెవరు, ఎక్కించేదెవరు? నడక నేర్పేదెవరు? పైన గదిలోకి చేర్చామంటే ఇక ఆయన షాపులో కాలు పెట్టడు. అది తెలుస్తోందా మీకు?"

"సెంటర్‌కి మనమే కట్టుకుంటే?"

"షాపు అమ్ముతారా?"



మామయ్య మీద ప్రేమ పొంగి నేను ఇదంతా అనలేదు. ఆ మనిషంటే నాకు మంట. కానీ నా మంటకి ఎదురుగా నిలబడే మనిషి కావాలి. పైగదిలో పడుకుని పైకప్పు చూస్తుండే ముసలాయనతో నేనెలా పోట్లాడను? అదే జరిగితే ఆయనే గెలిచినట్టు, జీవితాంతం.

పైకెళ్లి మామయ్యకు ఉన్నదంతా చెప్పాను. రేపు డాక్టరుకి నిజం చెప్పమన్నాను.

"నిజమే చెప్పాను. సున్నా."

"దుప్పటి కింద పిడికిలి నేను చూశాను."

"నా నొప్పి నా ఇష్టం. పదిమంది ముందు మూలుగుతూ అడుక్కోమంటావా? షాపులో మురికి బట్టని ఎవరికైనా చూపిస్తామా? మరక ఏదైనా లోపలే వదలగొట్టి బయటికి తెల్లగా ఇస్తాం. ఇన్నాళ్లు నా దగ్గరుండి ఏం నేర్చుకున్నావ్?"

"డాక్టరమ్మ కస్టమర్ కాదు మామయ్యా. ఇక్కడ ఉతికేది ఆవిడ, బట్ట మీరు. మరక దాచిపెట్టి ఉతకమంటే ఎవరు ఉతుకుతారు?"

ఒక్క క్షణం ఆగాడు. దెబ్బ తగిలిందనుకున్నాను. తర్వాత ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

"నాకు తెలుసు నీ ఎత్తు. నన్ను ఎక్కడో సెంటర్‌లో పడేసి, షాపు నీ చేతిలోకి లాక్కుందామని."

పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగారు. మా ఆయన "నాన్నా" అన్నాడు కానీ అది ఎవరికీ వినపడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడవలేదు.

"అలాగే అనుకోండి" అన్నాను.

"రేపు ఇంటికెళ్లే రోజు. చొక్కా పట్రా. సరిగ్గా చెయ్."

"తెస్తాను. తప్పకుండా తెస్తాను."

మర్నాడు కుండపోత. చొక్కా నా జన్మలో చెయ్యనంత బాగా చేశాను. వార్డు దగ్గరికి వేళకే చేరాను కానీ లోపలికి వెళ్లలేదు. నడవాలో నిలబడి, డాక్టరమ్మ రావడం చూసి, ఆమె వెనకే లోపలికి నడిచాను. మామయ్య గౌనులోనే ఉన్నాడు. జుట్టు రేగిపోయి ఉంది. దువ్వడానికి నేను లేను కదా. నన్ను చూడగానే చెయ్యి చాపాడు.

"ఇంతసేపా? ఇటివ్వు."

నేను మంచం దాటి కిటికీ దాకా వెళ్లి, హ్యాంగర్‌ని కిటికీ ఊచకి తగిలించాను. ప్లాస్టిక్ కవరు తీసేశాను. అంత మబ్బులో కూడా ఆ చొక్కా మెరుస్తోంది.

"వచ్చి తీసుకోండి మామయ్యా" అన్నాను.

నా వెనకే వచ్చిన మా ఆయన "ఏంటిది, పిచ్చా నీకు?" అన్నాడు.

"మీరూరుకోండి."

డాక్టరమ్మ నన్ను రాక్షసిని చూసినట్టు చూసింది. "పెద్దాయన. అందించొచ్చు కదమ్మా?"

"ఎందుకండీ? నొప్పి సున్నా, సొంతంగా నిలబడతారు, శుభ్రంగా ఉన్నారు. రాసింది మీరే కదా. మధ్యాహ్నం ఈయన మా ఇంటి చెక్కమెట్లు ఎక్కాలి. ఈ నాలుగు అడుగులు వెయ్యలేరా?"

మామయ్య నా వైపు చూసిన చూపు ఉందే, అలా ఎవరూ నన్ను ఇప్పటిదాకా చూడలేదు. చూడకూడదు కూడా. దుప్పటి తోసేశాడు. కాళ్లు కిందికి దించాడు. వెనక కమ్మీ పట్టుకుని లేచాడు. డాక్టరమ్మ చూపు ఆ చేతి మీద పడటం నేను చూశాను. ఆయన కమ్మీని వదిలి ఒక అడుగు వేశాడు.

అంతే. ఆయన నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అరుపు కాదు, మూలుగు కాదు. నేను ఒక వైపు, డాక్టరమ్మ ఒక వైపు పట్టుకున్నాం. గౌను వెనక తెరుచుకుపోయింది. ఒళ్లంతా చెమటలో తడిసి ఉంది. కూర్చోబెట్టాక కూడా నా మణికట్టుని వదల్లేదు. ప్రేమతో కాదు, పట్టు దొరికింది కాబట్టి.

"నొప్పి ఎంత తాతగారూ?" అని డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది.

ఆయన కిటికీ వైపు, చొక్కా వైపు చూశాడు.

"చాలా ఉంది. మొదటి రోజు నుంచీ" అన్నాడు.

ఆమె కర్టెన్ లాగింది. మళ్లీ ఎక్స్‌రే తీయించింది. తిరిగొచ్చి, "ఇవాళ అడ్మిట్ చేస్తున్నాను" అంది. వెనకటి రోజుల సంగతేమిటని అడిగితే అవి లెక్కలోకి రావంది. ఇన్ని రోజులు ఆ మంచం మీద ఆయన పడిన నరకం ఎవరి లెక్కలోనూ లేదన్నమాట. ఎవరిని తిట్టాలో తెలియక కిందికి పోయి కౌంటర్ ముందు నిలబడ్డాను.

"ఆర్డర్ పడిందా?"

"పడింది."

"ఏమని పడింది? నోటితో చెప్పండి."

"ఇన్‌పేషెంట్ అనమ్మా! ఇక వెళ్లండి."

"ఆగండి, మా ఆయన కూడా వినాలి. ఏవండీ, ఇటు రండి. ఊఁ, మళ్లీ చెప్పండి."

మూడు రాత్రులూ మామయ్య ఆ నలిగిన గౌనులోనే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను వెళితే కళ్లు మూసుకునేవాడు. నేను ఇంటి దుప్పటి తేలేదు, దువ్వెన తేలేదు. నాలుగో రోజు సెంటర్‌కి తీసుకెళ్తుంటే, చక్రాల కుర్చీలోంచి కొడుకుతో, నాకు వినపడేలా అన్నాడు. "ఆ చొక్కా నాకొద్దు. చించి గుడ్డపీలికలు చెయ్యమను."

సెంటర్‌లో ఉన్న వారాలన్నీ ఇదే వరస. నేను ఎదురుగా ఉన్నా "మీ ఆవిడతో చెప్పు" అనేవాడు. మీ ఆవిడతో చెప్పు, షాపులో గంజి పల్చగా కలపమను. మీ ఆవిడతో చెప్పు, ఇక్కడికి రావద్దని. నేనూ తక్కువ తినలేదు. "మీ నాన్నగారితో చెప్పండి, ఎవరి మొహమో చూడ్డానికి రాలేదు, అడుగులు ఎన్ని వేస్తున్నారో చూడ్డానికి వచ్చానని." మా ఆయన మా ఇద్దరి మధ్య కూర్చుని కిటికీలోంచి వాన చూసేవాడు. కమ్మీలు పట్టుకుని నడిచేటప్పుడు మామయ్యకు నొప్పి పుడితే ఇప్పుడు గట్టిగానే అరిచేవాడు. అరిచాక నా వైపు చూసేవాడు, చాలా ఇంకా కావాలా అన్నట్టు.

వానలు వెనకపట్టాక ఇంటికొచ్చాడు. చేతికర్రతో, తన కాళ్ల మీద. నేలని రెండుసార్లు పొడిబట్టతో తుడిచి ఉంచాను. ఆయన దాన్ని ఒకసారి చూశాడు. కౌంటర్ దగ్గర కుర్చీలో కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు. నేను లోపల బల్ల దగ్గర ఇస్త్రీ చేసుకుంటున్నాను. మా ఇద్దరికీ మధ్య షాపు పొడవంత దూరం ఉంది.

అప్పుడు మూలమీది బేకరీ ఆయన సంచీ పట్టుకుని హడావిడిగా వచ్చాడు.

"అక్కా, అర్జెంటు. అమ్మ బాత్రూమ్‌లో పడిపోతే నిన్న హాస్పిటల్లో పెట్టాం. పొద్దున డాక్టర్లు వచ్చేసరికి మంచి బట్టల్లో ఉండాలంటోంది. కొంచెం చేసిపెట్టు."

నేను చెయ్యి తుడుచుకుని వచ్చేలోపే చేతికర్ర సంచీ మీద పడింది.

"చెయ్యం" అన్నాడు మామయ్య.

బేకరీ ఆయన నవ్వాడు. "ఏంటి తాతా, జోకా?"

"అడ్మిట్ చేశారా?"

"చేశారుగా. మంచమిచ్చారు."

"మంచం ఎవడికైనా ఇస్తారు! నాకూ ఇచ్చారు. డాక్టరు ఆర్డర్ పడిందా లేదా అడుగు. పడిందంటే ఏమని పడిందో నోటితో చెప్పించుకో. కౌంటర్‌లో కూర్చునే ఆవిడ కసురుకుంటుంది, కదలకు. నొప్పి ఎంతని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమను మీ అమ్మని. జుట్టు కూడా దువ్వొద్దు."

"తాతా, నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"ముందు నువ్వు పో. అడిగొచ్చాక తే, ఊరికే చేసిపెడతాను."

బేకరీ ఆయన సంచీ చంకలో పెట్టుకుని తిరిగి తిరిగి చూస్తూ వెళ్లిపోయాడు. షాపు పెట్టినప్పటి నుంచీ, వచ్చిన బట్టని ఇస్త్రీ చెయ్యకుండా పంపడం అదే మొదటిసారి. నేను బల్ల దగ్గర అలాగే నిలబడిపోయాను. మామయ్య కుర్చీలోంచి లేచి నా వైపు తిరిగాడు. వార్డులో ఆ రోజు తర్వాత ఆయన నేరుగా నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"గుడ్లప్పగించి చూస్తావేం? కాలర్ మాడిపోతోంది."

మాడలేదు. చూసుకున్నాను.

"నీకు ఈ జన్మలో చెయ్యి తిరగదు. ఆ ఇస్త్రీ పెట్టె ఇటివ్వు."

నా ఒళ్లు భగ్గుమంది. ఇస్త్రీ పెట్టెని బల్ల అవతలి చివర పెట్టాను.

"వచ్చి తీసుకోండి మామయ్యా" అన్నాను.

ఆయన చేతికర్రని కౌంటర్‌కి ఆనించి, నన్ను తిట్టుకుంటూ, ఏదీ పట్టుకోకుండా నడిచి వచ్చాడు.